సామాన్య మానవుడు, గ్రేడ్ టూ

మా ఆఫీసు ఉత్తరాలు జనానికి అర్థం కావని ఊళ్ళో ఒక అపవాదు ఉండేది. ఈ విషయంలో మాకు పక్షపాతం ఏమీ లేదు. అవి మాకూ అర్థమయ్యేవి కావు.

నేను పట్టణ మంచినీటి సంస్థలో సూపరింటెండెంటుని. పేరు పానకాలరావు. ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారొకాయన మేం పంపిన ఉత్తరం పట్టుకొచ్చి, "నాయనా, దీని భావం నాకు కుళాయి ఇస్తారనా, ఇవ్వరనా?" అని అడిగాడు. సెక్షన్లో అందరం చదివాం. సగంమంది ఇస్తామని ఉందన్నారు, సగంమంది ఇవ్వమని ఉందన్నారు. రాసిన గుమాస్తాను పిలిపిస్తే, తాను పాత ఉత్తరం చూసి దించాననీ, ఆ పాత ఉత్తరం రాసినాయన కాలం చేశాడనీ చెప్పాడు. చివరికి ఎవరి మాటా తీసెయ్యకుండా మాస్టారింటికి కుళాయి బిగించి, నీళ్ళు వదలకుండా ఊరుకున్నాం.

మాస్టారు ఊరుకోలేదు. పత్రికకెక్కాడు. ఆ దెబ్బకి మా ఎండీ ప్రభంజన్‌రావుగారు ఎక్కడో కొండల మీద చల్లటి ఊళ్ళో జరిగిన శిక్షణకి వెళ్ళి, శాలువాతోనూ కొత్త జ్ఞానంతోనూ దిగివచ్చారు. స్పష్టంగా రాయడమే సంస్థకు ప్రాణమని అక్కడ చెప్పారట. వచ్చిన మర్నాడే సర్క్యులర్ వేశారు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట సంస్థ నుండి వెలువడు యావత్ లేఖలయందును క్లిష్టతారాహిత్యమే పరమావధిగా పరిగణింపబడవలెననియు, తద్విరుద్ధముగా వ్యవహరించువారిపై తగు చర్య గైకొనబడుననియు నిర్దేశించడమైనది."

అదేమిటో తెలియక యూనియన్‌వాళ్ళు ముందుజాగ్రత్తగా ధర్నా చేశారు. అప్పుడు ఎండీగారు మీటింగు పెట్టి, సులువుగా రాయమనడమే దాని తాత్పర్యమని వివరించారు. ఆ వివరణను కూడా సర్క్యులర్‌గా వేస్తామన్నారు గానీ, మేమే చేతులు పట్టుకుని ఆపాం.

ఆపితే ఏం లాభం? వెంటనే "స్పష్టతా విభాగం" అని ఒకటి పుట్టింది. దానికి స్పష్టతాధికారిగా విశ్వేశ్వరంగారిని వేశారు. ఈయన మంచినీళ్ళు కావాలంటే "దాహోపశమన ఏర్పాటు ఏమైనా గలదా?" అనే మనిషి. ఆయన బాగా ఆలోచించి ఒక సూత్రం తీశారు. ఉత్తరం స్పష్టంగా ఉందో లేదో రాసినవాడు చెప్పకూడదు, అధికారి చెప్పకూడదు, సామాన్య మానవుడు చెప్పాలి. సామాన్యుడికి అర్థమైతేనే ముద్ర. ముద్ర ఉంటేనే ఉత్తరం గేటు దాటాలి.

సూత్రం బాగానే ఉంది. దాన్ని తయారుచేసినవాళ్ళతోనే చిక్కు. సామాన్యుడి కోసం గేటు బయటికి వెళ్ళి నలుగుర్ని అడిగితే సరిపోయేది. కానీ సంస్థలో లేని మనిషికి ఫైలు చూపించకూడదని మరో రూలుంది. కనుక సామాన్యుణ్ణి సంస్థలోకే తీసుకోవాలని తీర్మానించారు. శాశ్వత పోస్టు. "సామాన్య మానవుడు, గ్రేడ్ టూ." గ్రేడ్ వన్ సంగతేమిటని నేనడిగితే, పాపం అతనికి మాత్రం ప్రమోషన్ ఉండొద్దా అన్నారు విశ్వేశ్వరంగారు.

మా గేటు ముందు మస్తాన్‌రావు గోళీసోడా బండి ఉండేది. ఆఫీసు మొత్తం మధ్యాహ్నం అతని సోడా తాగే బతికేది. సామాన్యుడెక్కడ దొరుకుతాడా అని ఎండీగారు కిటికీలోంచి చూస్తుండగా, కింద మస్తాన్‌రావు కీచుమనిపిస్తూ సోడా కొట్టాడు. అతని తలరాత అక్కడ తిరిగింది.

ఇంటర్వ్యూకి నేనూ కూర్చున్నాను.

"సంస్థాగత పారదర్శకత యొక్క ఆవశ్యకతపై మీ అభిప్రాయం?" అని అడిగారు ఎండీగారు.

తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని మస్తాన్‌రావు తిరిగి చూశాడు. "నన్నేనా సార్? నాకర్థం కాలా."

విశ్వేశ్వరంగారు సంతోషంగా మార్కులు వేశారు. "సమగ్ర జలనిర్వహణ గురించి?"

"అదీ అర్థం కాలా సార్."

"అద్భుతం! మీ పేరు?"

"మస్తాన్‌రావండి."

ఈ ఒక్కదానికి జవాబు చెప్పడంతో బోర్డు కాస్త కలవరపడింది గానీ, పేరు అందరికీ తెలిసేదే కదా అని సరిపెట్టుకుని ఉద్యోగం ఇచ్చారు. సోడా బండి అతని భార్య నాంచారమ్మ చేతికి వచ్చింది.

నిజం చెప్పొద్దూ, మొదట్లో మస్తాన్‌రావు మా దుమ్ము దులిపాడు. "మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది" అన్న ఉత్తరం నేనే తీసుకెళ్ళాను. మా సంస్థ పుట్టినప్పట్నుంచీ ఆ వాక్యం మీదే బతుకుతున్నాం.

"అంటే చేస్తారా, చెయ్యరా?" అన్నాడు.

"పరిశీలనలో ఉంది మస్తానూ."

"ఎవురు చూస్తన్నారండి?"

నేను ఆఫీసంతా తిరిగి కనుక్కున్నాను. ఎవరూ చూడ్డం లేదు. "మరి చూడ్డంలేదని రాయండి, అర్థమయిద్ది" అని ఉత్తరం వెనక్కి ఇచ్చాడు.

అలా వెనక్కి పంపి పంపి, చివరికి మా చేత "మీ కుళాయి గురువారం బాగుచేస్తాం" లాంటి ఘోరమైన వాక్యాలు రాయించాడు. ఊళ్ళో జనం మా ఉత్తరాలు చదివి మమ్మల్ని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. అది మాకు అలవాటు లేదు. ఆపైన అసలు ప్రమాదం తెలిసొచ్చింది. గురువారం బాగుచేస్తామని తెలుగులో రాశాక, గురువారం ఎవరో ఒకరు వెళ్ళి బాగుచెయ్యాల్సి వస్తోంది! ఇంజినీర్లు గగ్గోలు పెట్టారు. యథావకాశముగా అని రాసుకునే రోజుల్లో హాయిగా ఉన్నవాళ్ళు, ఇప్పుడు గురువారం వస్తుందంటే జ్వరం తెచ్చుకుంటున్నారు.

విషయం ఎండీగారి దాకా వెళ్ళింది. ఆయనకు కావలసింది నెల నెలా పైకి పంపే నివేదికలో స్పష్టతా శాతం పెరగడం. చూస్తే సగం పైగా ఉత్తరాలు తిరిగొస్తున్నాయి. విశ్వేశ్వరంగారు జబ్బు ఎక్కడుందో ఇట్టే కనిపెట్టారు.

"లోపము లేఖలయందు లేదు సార్. సామాన్యునియందు గలదు. అతని గ్రహణ సామర్థ్యమును పెంపొందించిన, శాతము తనంతట తానే పెరుగును."

"ఎక్సలెంట్" అన్నారు ఎండీగారు. "సామాన్యుడికి ట్రైనింగ్ ఇవ్వండి."

ఇచ్చారు. రోజూ పొద్దున విశ్వేశ్వరంగారు దగ్గర కూర్చోబెట్టుకుని పాత ఫైళ్ళు చదివించారు. సాయంత్రం అప్పజెప్పించుకున్నారు. మస్తాన్‌రావుకి కళ్ళజోడు వచ్చింది, కుర్చీ మీదకి తెల్ల తువ్వాలు వచ్చింది, బల్ల మీద గంట వచ్చింది. నేను 'నువ్వు' అనడం మానేసి 'మీరు' అనాల్సి వచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి అతనికి అర్థం కాని ఉత్తరమంటూ లేకుండా పోయింది. స్పష్టత నూటికి నూరు శాతం. ఎండీగారికి రాజధానిలో సన్మానం జరిగి జ్ఞాపిక ఇచ్చారు. గుమాస్తాలు మళ్ళీ పాత ఉత్తరాలు చూసి దించడం మొదలుపెట్టారు. ఇంజినీర్లకి జ్వరాలు తగ్గాయి.

సంతోషం లేనిది నాంచారమ్మ ఒక్కదానికే. సోడా కొడుతూ నాతో వెళ్ళబోసుకునేది.

"అన్నం తిందువుగాని రావయ్యా అంటే, 'భోజన విషయమై తదుపరి వర్తమానము పంపెదను' అంటన్నాడండి. వర్తమానం ఎవురు పంపాల? ఉండేది నేనూ ఆయనే గదా! మొన్న చింతపండు తెమ్మంటే రాసిమ్మన్నాడు. ఎవురిచేతో రాయించిచ్చా. 'ఎంత పరిమాణము, ఏ ప్రయోజనార్థము' అని ఎనక్కిచ్చాడు. పులుసులోకి గాక తలకి రాసుకుంటానికా సూపర్నెంటుగారూ?"

నాకు నవ్వొచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదేనమ్మా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

నాక్కూడా ఆ తర్వాత నవ్వు పోయింది. తంగెడుపల్లె కాలనీలో, అంటే మస్తాన్‌రావు వాళ్ళుండే కాలనీలోనే, మురుగు కాలవ పక్కన మంచినీటి గొట్టం పగిలింది. ల్యాబు నుంచి కబురొచ్చింది. కుళాయిల్లో వచ్చేది సగం మురుగు. గొట్టం మార్చడానికి కొంత వ్యవధి పడుతుంది, నీళ్ళు ఆపేస్తే వాడుకకు కూడా ఉండవు కాబట్టి వదులుతూనే తాగొద్దని చెప్పాలి. నేను గబగబా రాశాను.

"మీ కుళాయి నీళ్ళలో మురుగు కలిసింది. ఆ నీళ్ళు తాగకండి. పిల్లలకు పట్టకండి. బాగుచేశాక మళ్ళీ చెబుతాం. అప్పటిదాకా ట్యాంకరు నీళ్ళు పంపుతాం."

పరుగున తీసుకెళ్ళి మస్తాన్‌రావు బల్ల మీద పెట్టాను. అతను కళ్ళజోడు సర్దుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం తిప్పి వెనకవైపు చూశాడు.

"బోధపడలేదు" అన్నాడు.

"ఏది?"

"ఏదియు బోధపడలేదు. దీనికి విషయము లేదు. సూచిక లేదు. 'తాగకండి' అని యున్నది. ఎవరు? ఏ ఉత్తర్వు ననుసరించి? తాగకుండుట అనగా పూర్తిగానా, పాక్షికముగానా?"

"మస్తాన్‌రావుగారూ, మురుగండీ! మురుగు! కాలవలో పారేది!"

"మౌఖిక వివరణ స్వీకరింపబడదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరుండేది ఆ కాలనీలోనే కదండీ! ఇంటికెళ్ళి మీరు తాగేదీ ఆ నీళ్ళే!"

"వ్యక్తిగత హోదాలో నేను సదరు కాలనీ నివాసినే. అధికార హోదాలో నాకు బోధపడలేదు" అని గంట కొట్టాడు.

విశ్వేశ్వరంగారి దగ్గరికి వెళితే ఆయన నా ఉత్తరం చదివి జాలిగా చూశారు. "ఇంతటి అస్పష్టమైన లేఖను నా సర్వీసులో చూడలేదు పానకాలరావుగారూ. ప్రజలు భయభ్రాంతులగుదురు. నేను స్పష్టపరచెదను, ఉండండి" అన్నారు. ఆయన స్పష్టపరచిన ఉత్తరం ఇదీ.

"తంగెడుపల్లె కాలనీ పరిధిలో సరఫరా చేయబడు జలములయందు అనుకోని రీతిలో అదనపు సమ్మిశ్రణము సంభవించియున్నందున, సదరు జలస్వీకరణ విషయమై నివాసులు యథోచితముగా వ్యవహరించి సంస్థకు సహకరింపగలరు."

మస్తాన్‌రావు ఒక్కసారి చదివి, "సుస్పష్టము" అని ముద్ర వేశాడు.

ఉత్తరం ఇంటింటికీ వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం నేను గేటు దగ్గరికి వెళితే, నాంచారమ్మ ఉత్సాహంగా ఉంది.

"మా నీళ్ళల్లో ఏందో అదనంగా కలిపారంటగా సూపర్నెంటుగారూ! బలానికంట. మా వీధిలో టైలరు చదివి చెప్పాడు. అందరూ ఇంకో చెంబు ఎక్కువ తాగతన్నారు. మా పక్కింటామె పసిపిల్లకి కూడా పట్టింది. వాసనొస్తందిలే గానీ, మందన్నాక వాసన రాదా? ఇదుగో, మీకు సోడా."

సీసా నా చేతిలో పెట్టింది. నేను గోళీ వంక చూస్తూ నిలబడిపోయాను. అధికారిక సమాచారాన్ని ముద్ర లేకుండా నోటితో బయటపెడితే సస్పెన్షను. ఆ రూలు సర్క్యులర్ నేనే టైపు చేయించాను.

"తాగరేందండి?" అంది. తర్వాత నా మొహం చూసింది. చదువురాని మనిషి, కానీ మొహాలు చదవడానికి ముద్రలక్కర్లేదు కదా. "నీళ్ళల్లో ఏం కలిసిందండీ?" అని నెమ్మదిగా అడిగింది.

"మురుగమ్మా" అన్నాను. ఉద్యోగం పోతే పోయిందనిపించింది. "తాగొద్దు. ఎవర్నీ తాగనివ్వొద్దు."

ఆవిడ ఇంకో మాట అడగలేదు. సూచిక అడగలేదు, ఉత్తర్వు అడగలేదు. ఇంటి కుళాయి నీళ్ళతోనే పట్టిన సోడాలన్నీ అక్కడికక్కడే కాలవలో కుమ్మరించి, చీర కుచ్చెళ్ళు దోపి, ఖాళీ బకెట్టూ గరిటే పట్టుకుని కాలనీకి పరిగెత్తింది. "ఒసే, పిల్లకి పట్టబాకే! మురుగే అది! మురుగు! ఎవురూ తాగబాకండి!" అంటూ వీధి వీధీ బకెట్టు మోగించుకుంటూ తిరిగిందట. ఆ సాయంత్రానికి కాలనీలో ఆ నీళ్ళు నోట్లో పోసుకున్నవాడు లేడు. అప్పటికే నలుగురైదుగురికి వాంతులు పట్టుకున్నాయి గానీ, ప్రాణాల మీదికి రాలేదు. పసిపిల్ల గట్టెక్కింది.

ఆవిడ చెప్పాక కూడా తాగినవాడు ఒక్కడే. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి కుండ దగ్గరికి వెళ్ళిన మస్తాన్‌రావుకి నాంచారమ్మ అడ్డం పడితే, "నీవు వెల్లడించిన సమాచారమునకు ధ్రువీకరణ లేదు" అని ఆవిణ్ణి తప్పించి, రెండు గ్లాసులు తాగాడట.

మర్నాడు పొద్దున నేను పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి మంచం మీద మెలికలు తిరిగిపోతున్నాడు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికగా అడుగుతోంది.

"ఏమైందండీ? ఎక్కడ బాధగా ఉంది?"

"ఉదర ప్రాంతమున... ఒకవిధమగు అసౌకర్యము... ఉత్పన్నమైనట్లు..."

డాక్టరమ్మ నాంచారమ్మ వైపు తిరిగింది. "మీ ఆయనకి తెలుగు రాదామ్మా?"

"వచ్చేదండి" అంది నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఉజ్జోగం వచ్చినాక పోయింది."

"చూడండి, నొప్పి ఎలాంటిదో చెప్పకపోతే నేను మందెలా ఇవ్వను?"

"సదరు నొప్పి విషయమై... యథావకాశముగా..." అని మొదలెట్టాడు మస్తాన్‌రావు. ఇంతలో లోపల్నుంచి ఏదో మెలిపెట్టినట్టుంది, కళ్ళజోడు ఊడి కిందపడింది. "అమ్మో! పేగులు తెగిపోతన్నయే నాంచారీ! ఆ మురుగునీళ్ళు తాగి చచ్చానే! నువ్వు జెప్తే ఇన్లేదే! సూది పొడవండమ్మా, తొందరగా పొడవండి!" అని వార్డంతా అదిరేటట్టు అరిచాడు.

వార్డులో ఆ మాట అర్థం కానివాళ్ళు లేరు. పక్క మంచం ముసలాయనకి చెవుడు, ఆయనక్కూడా అర్థమైంది. డాక్టరమ్మ సూది తీసింది. నాంచారమ్మ ఏడుస్తూనే నవ్వింది. "మా ఆయనేనండి. మా ఆయనే మాట్టాడతన్నాడు" అంది.

మస్తాన్‌రావు కోలుకుని చిక్కి శల్యమై ఆఫీసుకి వచ్చేలోగా గొట్టం మార్చడం అయిపోయింది. కాలనీకి కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు వస్తున్నాయి. మస్తాన్‌రావు తన బల్ల దగ్గర కూర్చోగానే, పెండింగులో పైనున్న కాగితం తీశాడు. అది నేను రాసిన మొదటి ఉత్తరం. మురుగు కలిసింది, తాగకండి అన్నది.

చదువుతూనే అతని కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "అర్థమైంది సార్" అన్నాడు. "ఎంత బాగా రాశారండీ! ప్రతి ముక్కా అర్థమైంది." నేను వద్దు వద్దని అరుస్తుండగానే ముద్ర గుద్దేశాడు. ముద్ర పడ్డ కాగితాన్ని ఆపే అధికారం మా సంస్థలో ఎవరికీ లేదు. ఉత్తరం ఇంటింటికీ వెళ్ళింది. కాలనీ వాళ్ళు మంచినీళ్ళన్నీ కాలవలో పోసి, ట్యాంకరు ఏదంటూ వచ్చి మా గేటు ముందు కూర్చున్నారు.

మంచినీళ్ళు తాగొచ్చని వాళ్ళకి మళ్ళీ నాంచారమ్మే చెప్పుకోవాల్సి వచ్చింది. మొదట మురుగు సంగతి చెప్పింది నేనని ఆమె బయటపెట్టలేదు గనక, రెండిటికీ కలిపి మా సంస్థ ఆమెకే మెమో ఇచ్చింది. "ధ్రువీకరణ రహితముగా ప్రజలకు అర్థమగునట్లు వ్యవహరించినందులకు సంజాయిషీ" అడిగారు. ఆమె ఆ మెమోని చదివించుకోలేదు. సోడాసీసాలు కదలకుండా మధ్యలో దూర్చుకుంది.

ఎండీగారు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో ఒక మహా సత్యాన్ని దర్శించారు. అందర్నీ హాలులోకి పిలిచారు. మస్తాన్‌రావుని వేదిక మీద కూర్చోబెట్టారు.

"మిత్రులారా! అంతకుముందు ఇతనికి బోధపడని లేఖ, ఇప్పుడెందుకు బోధపడింది? అనుభవం! అనుభవం లేనిదే అవగాహన లేదు. అందుచేత ఇకపై మన సంస్థ జారీచేసే ప్రతి హెచ్చరికనూ సామాన్య మానవుడు ముందుగా స్వయంగా అనుభవించి, తదుపరి ధ్రువీకరిస్తాడు. ఈ విధానం దేశానికే ఆదర్శం కాగలదని సంస్థ విశ్వసిస్తోంది. అందుకు ప్రోత్సాహకంగా ఇతణ్ణి గ్రేడ్ వన్‌కి ప్రమోట్ చేస్తున్నాం!"

చప్పట్లు మోగాయి. విశ్వేశ్వరంగారు లేచి, కొత్త విధానంలో మొదటి ఫైలుని వెండి పళ్ళెంలో పెట్టి మస్తాన్‌రావుకి అందించారు. అతను తెరిచాడు. మా గేటు పక్కనున్న పంపుహౌసు నుంచి వచ్చిన కాగితం. మోటారు గదిలో కరెంటు తీగ తెగి వేలాడుతోంది, ఎవరూ ముట్టుకోకండి అని ఉంది.

మస్తాన్‌రావు ఆ కాగితాన్ని చదివాడు. తర్వాత విశ్వేశ్వరంగారిని చూశాడు. ఆయన "పదండి, మోటారు గది తెరచి సిద్ధముగా ఉన్నది" అన్నారు.

"అక్కర్లేదండి. ముట్టుకోకుండానే అర్థమైంది" అన్నాడు మస్తాన్‌రావు. కళ్ళజోడు తీసి పళ్ళెంలో పెట్టాడు. తువ్వాలు కుర్చీకే వదిలేశాడు. మెట్లు దిగి, గేటు దాటి, నాంచారమ్మ చేతిలోంచి సీసా తీసుకున్నాడు. కీచుమని సోడా కొట్టిన చప్పుడు హాలు దాకా వినిపించింది.

నోటితో చేసిన రాజీనామా చెల్లదన్నారు. రాసిచ్చాడు. "నేను రాను" అని రెండే రెండు ముక్కలు. అది స్పష్టంగా ఉందో లేదో చెప్పడానికి సామాన్యుడు లేడు గనక, ముద్ర పడక, ఆ కాగితం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. ఆ తీగ కూడా మోటారు గదిలో గోడను తాకుతూ అలాగే వేలాడుతోంది. హెచ్చరిక ఇంకా బయటికి పోలేదు.

సామాన్య మానవుడు, గ్రేడ్ వన్ పోస్టు ఖాళీగా ఉంది. కావలసినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గేటు దాటి లోపలికి వచ్చేటప్పుడు ఎడమచేతి వైపు మోటారు గది గోడను మాత్రం ముట్టుకోకండి. ఎందుకో నాంచారమ్మ చెబుతుంది.